మా మామ్మ గోడమీది పద్దు



రాజుల చరిత్రలను, కవుల చరిత్రలను మనము పలుమారులు చెప్పుకొందుము. నేడు నేను మనవి చేయదలచినది అట్టి చరిత్ర కాదు. ఒక్క సభలోనైన నోరు విప్పక, ఒక్క గ్రంథమైనను వ్రాయక, తొంబది యేండ్లు బ్రతికి, అందు డెబ్బదియారు సంవత్సరములు ఒకే వంటయింటిని నడిపిన యొక ఇల్లాలి మాట. ఆమె మా నాయనగారి తల్లి. పెంటపాడులో మా వీథివారందరును ఆమెను మామ్మ యనియే పిలిచెడివారు. నేనును అట్లే చెప్పెదను. ఆమెను గూర్చి చెప్పునప్పుడు ఆమెయెడ నేను చేసిన యొక తప్పును కూడ చెప్పవలసియున్నది. దానిని దాచినచో ఈ ప్రసంగము పొగడ్త యగును గాని స్మరణము కాదు.

మామ్మ కీలక నామ సంవత్సరమున, అనగా 1908 లో, ఆకివీడులో పుట్టినది. ఇంగ్లీషు తేదీ ఆమెకు తెలియదు. ‘‘కీలకలో, వరికోతలప్పుడు’’ అని మాత్రము చెప్పెడిది. ఆకివీడు కొల్లేటికి చెంతనున్న ఊరు. కృష్ణా గోదావరుల నడిమి పల్లమున బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు తెచ్చిన నీరు కొల్లేట నిలిచి, ఉప్పుటేటి దారిని సముద్రమునకు పోవును. ఆమె బాల్యస్మృతులన్నియు ఆ నీటి చుట్టును తిరుగుచుండెడివి. వానకాలమున లంకయూళ్ళు నీటి నడుమ ఒంటరులై నిలుచుట, తాటిదోనెలపై మనుష్యులు రాకపోకలు సాగించుట, కిక్కిసపొదల చాటున గూడకొంగలు బారులు తీరుట, తామరాకులలో భోజనము చేయుట, ఇవి యన్నియు మాకు నిద్రవచ్చువరకు చెప్పెడిది. కష్టము వచ్చినపుడెల్ల ఆమె నోట వెడలు మాట యొకటి యుండెను: ‘‘నీళ్ళొచ్చినప్పుడు నీళ్ళతో దెబ్బలాడకూడదురా. సామానెత్తి అటకమీద పెట్టుకోవాలి. తీశాక ఇల్లు కడుక్కోవాలి.’’

పదునొకండవ యేట, 1919 లో, ఆమెకు వివాహమైనది. పదునాల్గవ యేట కాపురమునకు వచ్చినది. ఆడపిల్లకు పదునాలుగేండ్లు నిండనిదే పెండ్లి చేయరాదను శారదా చట్టము 1929 లో పుట్టినది. చట్టము పుట్టునప్పటికే మామ్మ ఇద్దరు బిడ్డలను కని పోగొట్టుకొన్నది. 1933 లో పుట్టిన మా నాయనగారొక్కరే దక్కిరి. ఆ యిద్దరిని గూర్చి ఆమె మాతో ఎన్నడును మాటలాడలేదు. కాని యేటేట ఆవకాయ కలుపునాడు, కొత్త ఊరగాయలో మొదటి ముద్దలు రెండు తీసి వీథిలోని పసిపిల్లలకు తినిపించిన తరువాతనే మాకు పెట్టెడిది. అది యేల యని మేమును అడుగలేదు.

కొత్తకోడలు ఆకివీడు నుండి పడవలో కొంతదూరము, రెండెడ్ల బండిలో కొంతదూరము వచ్చినది. ధవళేశ్వరమున సర్ ఆర్థర్ కాటన్ దొర 1847 లో మొదలిడి 1852 నాటికి ముగించిన ఆనకట్ట మూలమున మన సీమకు కాలువలు వచ్చెను. ఆ కాలువలు చేలకు నీరిచ్చుటయే గాక, ఆనాడు బాటలుగా కూడ నుపయోగపడెడివి. ధాన్యము, ఉప్పు, పెండ్లికూతుళ్ళు, అన్నియు ఆ నీటిమీదనే నడచినవి. ఆమె వచ్చినప్పుడు పెంటపాడు కృష్ణాజిల్లాలోనిది. 1925 లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడెను. 1953 లో ఆంధ్రరాష్ట్రము, 1956 లో ఆంధ్రప్రదేశము ఏర్పడెను. ‘‘నేను పొయ్యిదగ్గరనుంచి కదల్లేదు, జిల్లాలూ రాష్ట్రాలూ నా చుట్టూ తిరిగాయి’’ అని ఆమె నవ్వెడిది.

ఇక ఆమె దినచర్య. కోడికూతకు ముందే లేచి వాకిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టెడిది. స్నానము చేసి మడి కట్టుకొని తులసికోట కడ దీపము పెట్టి, కవ్వము పట్టెడిది. మిల్లు రాకముందు బియ్యమంతయు ఇంటనే దంపుట. పురిలోని ధాన్యము తీయించి, దంపించి, చెరిగి, నూకలు వేరు, తవుడు వేరు చేసి, చిట్టు పశువులకు వేసెడిది. గింజ వృథా కాకూడదు. వేసవిలో వడియములు, ఊరగాయలు; వానకాలమునకు పిడకలు, ఎండుపుల్లలు; చలికాలమున కొత్తబియ్యము. సంవత్సరమంతయు ఆమె చేతులకు తీరిక దొరకలేదు. ఆ పనికి జీతము లేదు, సెలవు లేదు, ఉద్యోగవిరమణయు లేదు. నేను ఉద్యోగవిరమణము చేసి పింఛను పుచ్చుకొనుచున్నవాడను గనుక ఈ మాట సిగ్గుతోనే చెప్పుచున్నాను.

ఆమెకు అక్షరము రాదు. కాని లెక్క మాత్రము గట్టిది. వంటయింటి తూర్పుగోడపై, దీపపు గూటి క్రింద ఆమె పద్దు ఉండెడిది. పాలకు బొగ్గుగీతలు, నాలుగు నిలువుగా, అయిదవది అడ్డముగా. చాకలి బట్టలకు కావిబొట్లు. చేబదులు బియ్యమునకు పసుపుబొట్లు. మానికకు చిన్నబొట్టు, కుంచమునకు పెద్దబొట్టు. మా తాతగారి దస్తరములలో భూముల పేరులు, శిస్తుల లెక్కలు చక్కని వ్రాతలో నుండెడివి. అవి పెట్టెలో భద్రముగా నుండగా, మామ్మ పద్దు మాత్రము సంక్రాంతికి ముందు వెల్లవేయుటతో యేటేట మాసిపోయెడిది. వెల్ల వేయునాటి ముందు సాయంకాలము ఆమె గోడయెదుట నిలిచి, ఎవరి బాకీ యెంతయో ఒక్కటి తప్పక చెప్పి, వారిని పిలిపించి తీర్చుకొనెడిది. తీర్చలేని వారిని చూచి, ‘‘పో, వెల్లలో కలిసిపోయింది’’ అనెడిది.

1957 ఏప్రిల్ 1 వ తేదీ నుండి రూపాయికి నూరు నయాపైసలు వచ్చెను. అంతకుముందు రూపాయికి పదునారు అణాలు. పాలు పోయు ఆసామి అణాకు ఆరు నయాపైసలని లెక్క కట్టి రూపాయి బాకీ తీర్చబోయెనట. ‘‘పదహారు ఆర్లు తొంభైయారు. మిగతా నాలుగు పైసలూ ఏ ఏట్లో కలిశాయి నాయనా?’’ అని మామ్మ అడిగినదట. బడిలో చదువుకొన్న మా నాయనగారు ఆ లెక్క వ్రాసి చూచుకొనుటకు పలక వెదకుచుండగనే ఈమె చెప్పివేసినది. ఈ ముచ్చటను ఆయన కడవరకు చెప్పుకొని నవ్వెడివారు.

ఆ గోడపై ఒక్క విషయమునకు మాత్రము పద్దు లేదు. అది అన్నము. ఎందరు వచ్చి తినిరో, ఎన్ని పూటలు తినిరో ఆమె లెక్కించలేదు. దీనికి ఆమె అత్తగారు నేర్పిన పాఠమొకటి కారణము. గోదావరికి ఆవల, కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారుండిరి. 1841 లో మండపేటలో పుట్టి, 1909 వరకు జీవించిన ఆ తల్లి, వేళగాని వేళ వచ్చిన బాటసారులకును, వరదలలో చిక్కినవారికిని అన్నము పెట్టి అపరాన్నపూర్ణ యనిపించుకొన్నది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవమునకు 1903 లో ఆహ్వానము వచ్చినను ఆమె వెళ్ళలేదని ప్రసిద్ధి. ఆమె పేర నేడు జలవాహిని వంతెన యున్నది. 2024 నుండి ఆంధ్రప్రదేశమున బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరు పెట్టిరి. సీతమ్మగారు పోవునాటికి మా మామ్మ పసిపిల్ల. అయినను ఆ పేరు మా యింట దినదినము వినబడెడిది. రాత్రి పొద్దుపోయి తాడేపల్లిగూడెములో రైలు దిగి యెవరైన వచ్చినచో, అత్తగారు లోపలినుండి, ‘‘గన్నవరం సీతమ్మగారైతే ఏం చేసేవారే కోడలా?’’ అనెడిదట. కోడలు మారుపలుకక పొయ్యి రాజేసెడిది.

ఆ పాఠమునకు పరీక్ష 1942 లో వచ్చినది. ఆ యేడు మార్చిలో రంగూను జపానువారి వశమయ్యెను. ఏప్రిల్ 6 వ తేదీన విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు పడెను. బర్మాబియ్యము ఆగిపోయెను. బ్రతుకుతెరువునకై రంగూను వెళ్ళిన తెలుగువారెందరో కట్టుబట్టలతో, అడవులు నడచి, తిరిగి వచ్చిరి. అట్టివారు మా వీథిన పోవుచుండిన దినములలో మామ్మ ప్రొద్దున వండిన కుండ దింపక మునుపే మరియొక కుండ ఎక్కించెడిదట. ఇంటి ధాన్యము అడుగంటెను. పిమ్మట ఇంటిల్లిపాదియు ఒంటిపూట నూకలజావతో గడపిరి. మా తాతగారు కోపించి, ‘‘ఎంతమందికి పెట్టావో లెక్కైనా ఉందా?’’ అని అడుగగా, ‘‘అన్నానికి పద్దు రాయనండి’’ అని మాత్రము చెప్పినదట.

మా తాతగారు 1946 లో కాలము చేసిరి. అప్పటికి ఆమెకు ముప్పదియెనిమిదేండ్లు. మా నాయనగారు పదుమూడేండ్ల బాలుడు. నాకు జ్ఞానము వచ్చిన తరువాత ఆ గోడపై నేనొక వింత చూచితిని. ప్రతి సంక్రాంతికి వెల్ల వేసిన పిదప, మామ్మ కౌలుధాన్యముల పద్దునకు చేనికొక వరుస చొప్పున గుర్తులు పెట్టెడిది. మొట్టమొదటి వరుసకు అడ్డగీత గీచి, దాని క్రింద ఏమియు పెట్టక ఖాళీగా వదలెడిది. ఏడాది పొడుగున ఆ వరుసలో ఒక్క బొట్టైనను పడదు. ‘‘ఇదేమిటి మామ్మా?’’ అని అడిగితిని. ‘‘అది రాని పద్దు’’ అన్నది. అంతకుమించి చెప్పలేదు.

నేను ఇంట అమరము, కావ్యములు చదివి, పిమ్మట భాషాప్రవీణ ముగించి, ఇరువదినాల్గవ యేట తెలుగు పండితుడనైతిని. అది 1983 వ సంవత్సరము. జీతము తెచ్చి ఆమె చేతిలో పెట్టితిని. ఆ సాయంకాలము ఆమె వత్తులు చేసికొనుచు, ‘‘ఒరే నాన్నా, ఊళ్ళో పిల్లలందరికీ చెబుతున్నావు. నాకూ నాలుగక్షరాలు చెప్పరాదుట్రా?’’ అని అడిగినది.

నేను నవ్వితిని. ‘‘డెబ్బయ్యైదేళ్ళకి ఓనమాలా మామ్మా? నీకేం కావాలన్నా నేను చదివిపెట్టనూ?’’ అంటిని.

‘‘సరేలే’’ అని ఆమె వత్తులు చేసికొన్నది. నేను చేసిన తప్పు ఇదియే. ఆ నాడు దానిని తప్పని నేనెరుగను. మనుమని ప్రేమ యనుకొంటిని. తొమ్మిది సంవత్సరములు అట్లే అనుకొంటిని.

1988 లో జాతీయ అక్షరాస్యతా ఉద్యమ సంస్థ యేర్పడిన పిదప, 1990 తరువాతి సంవత్సరములలో జిల్లాలవారీగా వయోజనులకు రాత్రిబడులు పెట్టిరి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అట్టి బడికి వచ్చిన స్త్రీలు చదువుకొన్న పాఠము నుండియే సారాపై తిరుగబడి, 1993 అక్టోబరు నాటికి రాష్ట్రమున సారా అమ్మకమునే మాన్పించిరి. మా వైపు నన్నును ఒక రాత్రిబడికి నియమించిరి. 1992 లో ఒకనాడు పలకలు సర్దుకొనుచుండగా మామ్మ చూచి, ‘‘ఇవాళ ఎవరికిరా చదువు?’’ అన్నది. చెప్పితిని. కూలికి పోవు స్త్రీలు, ముదుసళ్ళు కూడ వచ్చుచున్నారంటిని. ఆమె కొంచెముసేపు ఊరకుండెను.

‘‘నువ్వు చదివిపెడతానన్నావు కదురా. ఆవేళా చదివిపెట్టేవాడు ఒకడున్నాడు. చదివిపెట్టాడు కూడాను. కౌలుకాగితం అని చదివాడు.’’

ఆ రాత్రి నాకు రాని పద్దు కథ తెలిసినది. తాతగారు పోయిన రెండేండ్లకు, ఇంటి వ్యవహారములు చూచి పెట్టుచుండిన యొక బంధువు ఆమె కడకు ఒక కాగితము తెచ్చెను. ఒక యేటి కౌలునకు వ్రాసినదని చదివి వినిపించెను. ఆమె బండిలో కూర్చుండి వ్రేలిముద్ర వేసినది. ‘‘ఇష్టపూర్వకమేనా?’’ అని అడుగగా ఔనన్నది. కోతలు ముగిసి చాలదినములైనను ధాన్యము రాకపోగా మనిషిని పంపినది. ‘‘ఆ చేను ఇప్పుడు తమది కాదమ్మా’’ అని వర్తమానము వచ్చినది. అది క్రయ దస్తావేజు. ఎకరము పైచిలుకు మంచి మాగాణి. మా నాయనగారు పెద్దవారైన తరువాత వ్యాజ్యము వేయుదుననగా ఆమె వలదన్నది. ఆ బంధువు తరువాత మా యింటికి వచ్చుచునే యుండెను. ఆమె వడ్డించుచునే యుండెను. పేరు మాత్రము నాకు చెప్పలేదు. నేడు నాకు తెలిసినను నేనును చెప్పను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ధవళేశ్వరము నుండి మన సీమకు రెండు ప్రవాహములు బయలుదేరినవి. ఒకటి 1852 నాటి ఆనకట్ట నీరు. రెండవది, కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874 లో ఆ ఊరనే పెట్టిన బాలికల పాఠశాలతో మొదలైన స్త్రీవిద్య. మొదటి ప్రవాహము కాలువలు పట్టి కొలదికాలములోనే మా చేలకు వచ్చి చేరినది. రెండవది మా వీథి గడప దాటి వంటయింటి పొయ్యి కడకు వచ్చుటకు నూటపదునెనిమిది యేండ్లు పట్టినది. వచ్చిన దానిని కడపటి గట్టు కట్టి ఆపినవాడను నేనే. అదియును చదువుకొన్నవాడను, చదువు చెప్పువాడను. 1991 జనాభా లెక్కలలో మన రాష్ట్రమున అక్షరము తెలిసిన స్త్రీలు నూటికి ముప్పదిముగ్గురు మాత్రమే. ఆ లెక్కను పత్రికలో చదివి నేను నిట్టూర్చిన దినమున, లెక్కలో రాని వారిలో ఒకరు నాకు మజ్జిగన్నము కలిపి పెట్టుచుండిరి.

మరునాడు పలక తెచ్చి ఆమె యెదుట కూర్చుంటిని. అంతకు ముందే కంటిశుక్లము తీయించి అద్దములు పెట్టించియుంటిమి. రాత్రిబడికి నడచుటకు మోకాళ్ళు సహకరింపలేదు. కావున మా వీథియరుగే బడి యైనది. ఇరుగుపొరుగు స్త్రీలు అయిదారుగురు కూడ వచ్చిరి. నేను అక్షరములు చెప్పగా, వారికి కూడికలు తీసివేతలు మామ్మ చెప్పెడిది. ఆమె చేతికి అక్షరము తొందరగా లొంగినది; డెబ్బది యేండ్లు ముగ్గు వేసిన వ్రేళ్ళు గదా! ‘ఠ’ యక్షరము చూచి, ‘‘ఇది చిల్లిగారె’’ అన్నది. ‘‘నీ భాషలో అన్నీ గారెలూ చక్కిలాలే ఉన్నాయి, ఇన్నాళ్ళూ దాచుకున్నారా?’’ అని నన్ను వేళాకోళము చేసినది. పుస్తకము చదువునంతటి చదువు ఆమెకు రాలేదు. వయసు అడ్డు వచ్చినది. గుణింతములు కొన్ని వచ్చినవి. బస్సుమీది ఊరి పేరు కూడబలుకుకొనగలిగినది. తన పేరు తప్పు లేక వ్రాయుట వచ్చినది. పదేండ్ల ముందు మొదలుపెట్టియున్నచో ఎంత వచ్చియుండెడిదో నాకు తెలియదు. ఆ పదేండ్లను నేను ఆమెకు తిరిగి ఈయలేను.

1956 నాటి హిందూ వారసత్వ చట్టముచే విధవకు తన ఆస్తిపై సంపూర్ణహక్కు వచ్చినది. 1986 లో మన రాష్ట్రము ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకును సమభాగమునిచ్చుచు చట్టమును సవరించినది. ఈ మాటలు నేను చెప్పగా వినియుండెను గనుక, 1994 లో ఆమె తన వాటాలోని ఎకరమును నా చెల్లెలి పేర దఖలు దస్తావేజు వ్రాయించినది. లేఖరి వ్రాసి ముగించగా నేను చదువబోతిని. ‘‘నువ్వొద్దు. దాన్ని చదవనీ’’ అని మనుమరాలి చేతికి ఇప్పించినది. చెల్లెలు మొదటినుండి చివరవరకు చదివినది. ఎల్లల కడకు రాగానే మరియొకసారి చదువుమన్నది. పిమ్మట కలము పట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క యక్షరమే నిలిపి, అయిదక్షరముల పేరు వ్రాసినది. గుమాస్తా సిరాపెట్టె ముందునకు జరిపి వ్రేలిముద్ర కూడ వేయుమనెను. ఆమె ముఖము మారినది.

‘‘చదువుకున్నవాళ్ళు కూడా వేస్తారా నాయనా?’’

‘‘అందరూ వేయాలమ్మా, అది పద్ధతి.’’

‘‘అయితే సరే. సంతకం మాత్రం ముందుంది చూడు’’ అని చెప్పి వ్రేలిముద్ర వేసినది.

ఆ సంవత్సరము సంక్రాంతికి వెల్ల వేసిన పిదప గోడపై రాని పద్దు వరుస గీయలేదు. నేనును అడుగలేదు.

మామ్మ 1999 జనవరిలో, బహుధాన్య నామ సంవత్సర పుష్యమాసమున, కొత్తధాన్యము ఇల్లు చేరిన కొలది దినములకు దాటిపోయినది. కడపటి వారము కూడ ఎవరికి అన్నము పెట్టిరో అడిగి తెలిసికొనెడిది. ఆ యేడు మా యింట వెల్ల వేయలేదు. గోడమీద కొన్ని బొగ్గుగీతలు, పసుపుబొట్లు మిగిలియుండెను. ఏ బొట్టు ఎవరిదో మాకెవరికిని తెలియదు. పండ్రెండవ దినము గడచిన పిమ్మట వీథిలోని ఇద్దరు స్త్రీలు వేరువేరుగా వచ్చి, ఒకరు రెండు మానికలు, ఒకరు కుంచెడు బియ్యము దింపి, ‘‘మామ్మగారికి బాకీ’’ అనిరి. నేను గోడ చూచితిని. రెండు చిన్నబొట్లు, ఒక పెద్దబొట్టు. లెక్క సరిపోయినది. మరుసటి సంక్రాంతికి వెల్ల వేయించితిని. ఆ గోడను దాచవలెనని మనసు పీకినను, బాకీ తీరిన పద్దును వెల్లలో కలుపుటయే ఆమె పద్ధతి.

శ్రోతలారా, మన యింటి ముసలివారిని మనము ప్రేమింపమని నేననను. ప్రేమించుచునే యున్నాము. వారి చేతి వంటను పొగడుచున్నాము. పోయిన తరువాత పటము కట్టి పూలు పెట్టుచున్నాము. కాని వారు నోరు తెరచి అడిగిన యొక్క కోరికను, వయసు పేరు చెప్పి, ప్రేమ పేరు చెప్పి, నవ్వి త్రోసివేయుచున్నామా యని ఒక్కసారి తలచుకొనవలెను. ‘‘నీకేల, నేను చేసిపెట్టెదను గదా’’ యను మాట మిక్కిలి తీయనిది. ఆ మాటతోనే మా మామ్మకు ఒకరు ఎకరము పోగొట్టిరి; మరియొకరు తొమ్మిదేండ్లు పోగొట్టిరి. మొదటివారిని ఆమె క్షమించినదని నాకు తెలియును. రెండవవానిని కూడ క్షమించినదనియే నమ్ముచున్నాను. ఏలయన వానికి కడవరకు అన్నము పెట్టినది, పద్దు వ్రాయలేదు.